కిటికీ సగమే తెరుచుకుంటే గాలెలా వస్తుంది?

సంపాదకుడు గారికి,

విజయవాడలో ఈమధ్యే కొత్త ఫ్లాట్‌లోకి మారాం. వానాకాలం వచ్చేసరికి మంచం వెనక గోడ మీద నల్లటి బూజు, బీరువాలో పట్టుచీరలకు ముక్కిపోయిన వాసన. వంటింటి కిటికీ డక్ట్‌లోకి (ఇళ్ల మధ్య కింది నుంచి పైదాకా వదిలే ఇరుకు ఖాళీలోకి) పెట్టారు, దాంతో కింద ఇంట్లో ఎండుమిర్చి పోపు పెడితే మా పాప దగ్గుతుంది.

జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో కిటికీల వైశాల్యం గది నేలలో కనీసం ఆరో వంతు ఉండాలి. అంటే 12 అడుగులకు 10 అడుగుల గదికి 20 చదరపు అడుగులు. మా గదిలో ఉన్నదేమో నాలుగడుగుల చదరం కిటికీ ఒక్కటే, లెక్కకు 16, అదీ స్లైడింగ్ కాబట్టి తెరిస్తే గాలి వచ్చేది ఎనిమిదిలోంచే! బిల్డర్‌ని అడిగితే ఏసీ పెట్టించుకోండి అన్నాడు. మామూలు ఏసీ గదిలో గాలినే తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని తేదు కదండీ.

ప్లాన్‌లో గీసిన కిటికీ చూసి సరిపెట్టుకోకుండా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో కాపురం ఉండొచ్చనే అనుమతి పత్రం) ఇచ్చే ముందు అధికారులు ఒక్కసారి టేపు పట్టుకొని ఇంట్లోకి రావాలి, తెరుచుకునే మేరే కొలవాలి.

- ఒక గృహిణి, విజయవాడ