ఆ బూడిద పొయ్యిలో బూడిద కాదు

సంపాదకులకు నమస్కారం.

అగ్నిపర్వతం పేలిందంటే టీవీల్లో ఎర్రటి లావానే పదే పదే చూపిస్తారు. లావా చాలావరకు నెమ్మదిగా పారుతుంది, మనుషులు తప్పించుకోగలరు. కానీ బూడిదా, బురదా అలా వదలవు. ఆ బూడిద మన పొయ్యిలోది కాదు; రాయి, గాజు నలిగిన గరుకు పొడి. నీళ్లలో కరగదు, తడిస్తే ఇంకా బరువెక్కుతుంది. 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినతుబో పేలిన రోజే తుపాను వచ్చింది. తడిసిన బూడిద బరువుకు ఇళ్ల కప్పులు కూలి ఎందరో చనిపోయారు.

1985 నవంబరు 13 రాత్రి కొలంబియాలో నెవాదో దెల్ రూయిజ్ అనే అగ్నిపర్వతం పేలి, దాని మీది మంచు కరిగి, బురద వరదై ఆర్మెరో ఊరిని కప్పేసింది. మొత్తం దాదాపు 23 వేల మంది పోయారు. బురద అక్కడికి చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది. ఆ టైములో ఊరు ఖాళీ చేయించలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ తగ్గదు.

దయచేసి మీ పిల్లల పేజీలోనైనా వీటి గురించి రాయండి.

– ఒక సైన్సు టీచర్, ఏలూరు