గుడ్డు వలవడమూ చదువే

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయికి పదహారేళ్లు. మేధో వైకల్యం ఉంది. చీపురుపల్లి దగ్గర ఒక బడికి వెళ్లినన్నాళ్లూ మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడితే ఆయమ్మే పెంకు తీసి కంచంలో వేసేది. మిగతా పిల్లలు వరసలో నిలబడేలోపే వాడిని పక్క గదిలో కూర్చోబెట్టి తినిపించేసేది. అది ప్రేమే, కాదనను. ఇంట్లో నేనూ అదే చేశాను. అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టాను. పద్నాలుగేళ్లు వచ్చేదాకా వాడి నోట "చాలు" అన్న మాట వినలేదు. ఆ మాటతో వాడికి పని పడనిచ్చిందెవరు?

రెండేళ్ల కిందట ఒక స్పెషల్ టీచరు చెప్పగా మేం నలుగురు తల్లులం ఒక పని మొదలుపెట్టాం. ప్రతి ఆదివారం ఒకరింట్లో మా పిల్లలే వండాలి, అందరం కలిసి తినాలి. మొదట్లో పొయ్యి జోలికి పోలేదు. అటుకులు తడిపి తాలింపు మేం వేస్తే వాళ్లు కలిపేవారు, మజ్జిగ చిలికేవారు. తర్వాత కుక్కరు. మావాడికి మూడు కూతలు లెక్కపెట్టడం రాదు. అందుకని మూడు చింతపిక్కలు చేతికిచ్చాం. కూత వచ్చినప్పుడల్లా ఒకటి గిన్నెలో వేస్తాడు, చేయి ఖాళీ అయితే నన్ను పిలుస్తాడు. ఇప్పుడు గ్యాసు తనే ఆపుతాడు. టీచరు ఇంకో కిటుకు చెప్పారు: పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, చివరి మెట్టు ముందు నేర్పమని. గుడ్డు పెంకు దాదాపు అంతా మేం తీసి, ఆఖరి ముక్క వాడిచేత తీయించాం. పని పూర్తిచేసిన సంతోషం మొదటి రోజే వాడిదైంది. ఇప్పుడు గుడ్డంతా వాడే వలుస్తాడు.

అయితే వంటకన్నా పంక్తిలో నేర్చుకున్నదే ఎక్కువ. ఎంతమందిమో చూసుకుని కంచాలు పెట్టాలి. పక్కవాళ్లకు వేశాకే తను వేసుకోవాలి. "ఇంకా వెయ్యనా?" అని స్నేహితుడు అడిగితే జవాబు చెప్పాలి. మావాడు మొదటిసారి "చాలు" అన్నది నాతో కాదు, పప్పు గరిటె పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లాడితో.

మా ఉత్తరాంధ్ర పల్లెల్లో తల్లిదండ్రులు కూలి పనులకు చెన్నైకో హైదరాబాదుకో వెళ్లిపోతే నాన్నమ్మల దగ్గర పెరిగే ఇలాంటి పిల్లలున్నారు. ఆ ముసలమ్మ మంచం పడితే బిడ్డ అన్నం వండుకోగలడా? మాలాంటి ప్రతి ఇంట్లో రాత్రిళ్లు ఇదే టెన్షన్. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం తన లక్ష్యాల్లో మొట్టమొదటిదిగా చెప్పింది కూడా ఇదే: మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్లు తమవాళ్ల మధ్యే, వీలైనంత స్వతంత్రంగా బతకాలని. 2016 వికలాంగుల హక్కుల చట్టం పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత చదువు హక్కు ఇచ్చింది. మావాడికి ఇంకా రెండేళ్లే ఉంది. ఆ చదువులో అక్షరాలకు ఇచ్చినంత చోటు అన్నానికీ ఇవ్వమని అడుగుతున్నాను.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల విద్యాధికారులకు నా విన్నపం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే ప్రతి భవిత కేంద్రంలో వారానికొక పూట పిల్లలు వండి కలిసి తినేలా చూడండి. సరుకులకు, ఒక ఇండక్షన్ స్టవ్‌కు కొద్దిపాటి డబ్బు కేటాయించండి. పిల్లలను దగ్గరి కొట్టుకు తీసుకెళ్లి ఉల్లిపాయలు కొనిపించి, చిల్లర తెచ్చుకోనివ్వండి. ఒక్కో బిడ్డకు రాసే విద్యా ప్రణాళికలో ఇవన్నీ చేర్చండి. మామూలు బడుల్లో మా పిల్లలను విడిగా కూర్చోబెట్టకండి. వరసలో నిలబడనివ్వండి, వాళ్ల వంతు వచ్చినప్పుడు వడ్డించనివ్వండి. ఆలస్యమవుతుంది, కింద కొంత ఒలుకుతుంది. దయచేసి ఓర్చుకోండి. మా రాష్ట్రంలో బడి భోజన పథకానికి, గడప తొక్కిన వారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. ఆ పంక్తిలో మా పిల్లలకూ చోటుండాలి.

వచ్చే ఆదివారం వంతు మా ఇంటిది. అధికారులెవరైనా వస్తే పిల్లలే వడ్డిస్తారు.

– ఒక తల్లి, చీపురుపల్లి, విజయనగరం జిల్లా