ఓడలో గది ఎక్కడుందో చూసి తీసుకోండి

సంపాదకులు గారికి నమస్కారం.

విశాఖలో 2023లో విహార ఓడల కోసం క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైన దగ్గర్నుంచి మా బరంపురం తెలుగువాళ్లలో కూడా ఓడ ముచ్చట బాగా పెరిగింది, రైలెక్కితే నాలుగైదు గంటల్లో విశాఖ కదా. మీ పర్యాటక పేజీలో ఓడలో భోజనాల గురించీ ఆటపాటల గురించీ చక్కగా రాస్తున్నారు గానీ గది ఎలా తీసుకోవాలో మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. అది తెలియక మేం పడ్డ అవస్థ ఇంకొకరు పడకూడదని ఈ ఉత్తరం.

మా అత్తగారికి 74 ఏళ్లు. ఆవిడ మామగారు ఆ రోజుల్లో మా గోపాలపూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్లొచ్చినాయన, ఆ కథలు వింటూ కాపురం చేసిన మనిషికి ఒక్కసారైనా ఓడెక్కాలని కోరిక. జూలైలో తీసుకెళ్లాం. బాల్కనీ గదే తీసుకోండి అన్నాడు ఏజెంటు, పెద్దావిడ సముద్రం చూస్తారు కదా అని మేమూ డబ్బుకు వెనకాడలేదు. తీరా ఎక్కాక చూస్తే ఆ గది ఓడకి బాగా ముందు భాగంలో, పై అంతస్తులో, సరిగ్గా ఈతకొలను కింద ఉంది. రాత్రి పదకొండు దాటాక అల్మారాలో హ్యాంగర్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది, గ్లాసులో నీళ్లు ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఒరుగుతున్నాయి, ఆవిడకి ఒకటే వాంతులు. ఓడల్లో బాత్రూం గుమ్మానికి ఎత్తు గడప ఉంటుంది, మోకాళ్ల నొప్పితో దాన్ని దాటలేక, గడప తొక్కడానికి మనసొప్పక, నా భుజం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పైన కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు ఒంటిగంట దాకా.

ఓడలో పనిచేసే అబ్బాయి ఒకతను చూసి, కింద మధ్య హాల్లో కూర్చోబెట్టండమ్మా అన్నాడు. అరగంటలో ఆవిడకి నెమ్మదించింది. అదే ఓడ, అదే సముద్రం.

కొబ్బరిచెట్టు గాలికి ఊగితే మట్ట దగ్గర ఎంత ఊపు, మొదలు దగ్గర ఎంత? బస్సులో చివరి సీటు ఎగరేసినట్టు మధ్య సీటు ఎగరేస్తుందా? ఓడా అంతే, కింది అంతస్తు, మధ్య భాగం, అక్కడ కుదుపు తక్కువ. ఇప్పటి ఓడలకి పక్కలకి ఒరగకుండా ఆపే రెక్కలుంటాయి గానీ ముందూ వెనకా లేచిపడటాన్ని అవి పెద్దగా ఆపలేవు.

ఓడ నక్షా, అదే డెక్ ప్లాన్, అడిగితే ఇస్తారు. డబ్బు కట్టకముందే గది నంబరు అందులో వెతికి, పైనా కిందా ఏముందో చూడండి. ఈతకొలను, వంటశాల, డాన్స్ హాలు లేకుండా పైనా కిందా గదులే ఉంటే నిద్ర పడుతుంది. పక్క గదికి మధ్యలో తలుపున్న గదుల్లో వాళ్ల మాటలన్నీ వినిపిస్తాయి. కొన్ని కిటికీలకి లైఫ్‌బోట్ అడ్డుంటుంది, అది ముందే అడగాలి. చవగ్గా వస్తుందని "గ్యారంటీ" కేబిన్ అంటారు, పేరు చూసి మోసపోకండి, ఆ రకం గది దొరుకుతుందన్నదే గ్యారంటీ, ఎక్కడ ఇవ్వాలన్నది కంపెనీ ఇష్టం. నలుగురికి ఒకే గది అన్నప్పుడు రెండు పడకలు మామూలుగా పైన ఉంటాయి, నిచ్చెనెక్కాలి, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది మరీ మరీ గుర్తుపెట్టుకోండి.

రెండు మూడు రాత్రుల ప్రయాణానికి కిటికీ లేని లోపలి గది చాలని నా అభిప్రాయం, పై అంతస్తుకెళ్తే సముద్రం ఎటూ కనిపిస్తుంది. గదిలో ఉక్కిరిబిక్కిరి అనిపించేవాళ్లు కిటికీ గది తీసుకోవచ్చు, కాకపోతే ఆ అద్దం తెరుచుకోదు. ఇక అక్టోబరు తుఫాన్ల సంగతి 2013లో ఫైలిన్ చూసిన మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఓడ ప్రయాణం గురించి ఈసారి రాసేటప్పుడు దయచేసి నక్షా కూడా వేసి, ఏ గది ఎక్కడుంటుందో తెలుగులో గుర్తులు పెట్టండి. మా అత్తగారు మళ్లీ వెళ్దామంటున్నారు, ఈసారి కింద మధ్యలోనే చూడమన్నారు.

– ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా