బాత్రూం బయటి కెమెరా రికార్డు ఏదీ?

సంపాదకుడు గారికి,

మా చెన్నైలో రౌడీషీటర్లకి పోలీస్ స్టేషన్ బాత్రూం అస్సలు అచ్చిరాదు. పట్టుకొచ్చిన మర్నాడు ఫోటో వస్తుంది, చేతికో కాలికో సిమెంటు కట్టు, కింద పోలీసుల మాట: పారిపోబోయి గోడ దూకాడు, లేదంటే బాత్రూంలో జారిపడ్డాడు. మా వీధి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెద్దమనుషులే ఆ ఫోటో పెట్టి 'మంచి ట్రీట్‌మెంట్' అని మురిసిపోతారు. 2025లో మద్రాసు హైకోర్టు ఇలాంటి కేసులోనే, ఆ బాత్రూముల్లో నిందితులే జారిపడతారేం, పోలీసులు జారరేం అన్న అర్థంలో అడిగింది. జడ్జిగారికి వచ్చిన అనుమానం మనకెందుకు రాదు?

గొలుసు దొంగల్ని వెనకేసుకురావడానికి ఈ ఉత్తరం రాయట్లేదు. ఉండేది కొరుక్కుపేటలో, చీకటి పడ్డాక మా ఆవిడ గొలుసు తీసి బీరువాలో పెడితే గానీ గడప దాటదు. కానీ ఆ లాఠీ రౌడీల దగ్గరే ఆగట్లేదు కదా. 2022 ఏప్రిల్‌లో మెరీనాలో గుర్రాలు చూసుకునే కుర్రాణ్ణి రాత్రి తనిఖీలో పట్టుకున్నారు, తెల్లారేసరికి లేడు. ఫిట్స్ వచ్చాయన్నారు, పోస్టుమార్టంలో 13 గాయాలు తేలాయి. జూన్‌లో కొడుంగయ్యూర్ స్టేషన్‌వాళ్ళు పట్టుకున్న మనిషి ఇంకొకడు పోయాడు. 2020లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో, పోలీసు దెబ్బలకి ప్రాణాలు పోగొట్టుకున్న తండ్రీకొడుకుల్ని తీసుకెళ్ళింది లాక్‌డౌన్‌లో సెల్‌ఫోన్ షాపు టైం దాటి తెరిచారని. అక్కడ కెమెరాలూ ఉన్నాయి, కాకపోతే రికార్డు రోజూ దానంతటదే చెరిగిపోయేలా పెట్టారని విచారణకి వెళ్ళిన మేజిస్ట్రేట్ రాశారు.

అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లోనూ కెమెరాలు పెట్టమంది, బొమ్మతో పాటు మాటలూ రికార్డవ్వాలి, 18 నెలలు దాచాలి. లాకప్, వరండా, గేటుతో పాటు బాత్రూముల బయట కూడా కెమెరా ఉండాలని ఆ తీర్పులోనే ఉంది. లోపల ఏం జరిగిందో కనపడకపోవచ్చు గానీ మనిషి తన కాళ్ళమీద నడిచి వెళ్ళాడా, ఎంతమంది వెంట వెళ్ళారు, బయటికి ఎలా తెచ్చారు, ఇవన్నీ కనిపించాలిగా. మీ విలేకరులు ఇకమీద 'జారిపడ్డాడు' అని రాసినప్పుడల్లా ఆ రికార్డు అడిగారో లేదో, ఇచ్చారో లేదో కూడా ఒక లైను రాస్తే బాగుంటుంది. నిజాయితీగా పనిచేసే పోలీసులకి కూడా అదే రక్ష. సాత్తాన్‌కుళంలో ఆ రాత్రి జరిగింది చూసి సాక్ష్యం చెప్పింది అక్కడి మహిళా హెడ్ కానిస్టేబులే, ఆవిడ మాటకి తోడుగా నిలబడాల్సిన రికార్డు లేకుండా పోయింది.

ఇక ఫిర్యాదు సంగతి. మా పక్కింటి కుర్రాడు డెలివరీ పని చేస్తాడు. బండి ఆపిన చోట మాటామాటా పెరిగి స్టేషన్‌కి తీసుకెళ్ళారు, తిరిగొచ్చేసరికి అరచెయ్యి పూరీలా ఉబ్బిపోయింది. పెద్దాసుపత్రిలో ఏఆర్ కాపీ (దెబ్బలతో వచ్చినవాళ్ళ వివరాలు రాసే యాక్సిడెంట్ రిజిస్టర్) రాసే ఆయన దెబ్బ ఎలా తగిలిందని అడిగితే, వాడు నోరు తెరిచేలోపే వాళ్ళమ్మ 'జారిపడ్డాడని రాయండి సార్' అంది. ఆవిడకి ఎవరూ చెప్పివ్వలేదు.

అయినా ధైర్యం చేసి ఫిర్యాదు ఇస్తే మాత్రం ఎవరికివ్వాలి? 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రిటైర్డ్ జడ్జిల కింద రాష్ట్రానికొకటి, జిల్లాకొకటి విడిగా అథారిటీ పెట్టమంది. తమిళనాడు 2013లో చట్టం చేసి, రాష్ట్రంలో హోం సెక్రటరీని, పక్కన డీజీపీని, జిల్లాలో కలెక్టర్‌ని, పక్కన ఎస్పీని కూర్చోబెట్టింది. అత్తగారి మీద ఫిర్యాదు ఆడపడుచు చేతికిచ్చినట్టుంది. ఎండలో బందోబస్తు డ్యూటీలు, కేసు తొందరగా తేల్చమని పైవాళ్ళ టెన్షన్, కానిస్టేబుళ్ళకి ఇవన్నీ ఉన్నాయి, కాదనను. ఆ టెన్షన్ పెట్టే పైవాళ్ళే ఫిర్యాదు కూడా విచారిస్తామంటేనే ఒప్పుకోలేకపోతున్నాను.

చట్టం సవరించి ఆ కుర్చీలో రిటైర్డ్ జడ్జిని కూర్చోబెట్టమనండి. ఫిర్యాదు ఇచ్చిన ఇంటికి అదే స్టేషన్‌వాళ్ళు మళ్ళీ 'ఎంక్వైరీ' అని రాకూడదని కూడా అందులో రాయాలి, లేకపోతే మా పక్కింటావిడ ఆ ఛాయలకి కూడా వెళ్ళదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొరుక్కుపేట, చెన్నై