కాండొరెల్లి చేసిన నేరమేమిటి?

సంపాదకులకు,

ఈతగాడు సాంటో కాండొరెల్లి మీద గత వారం మీ క్రీడల పేజీలో వచ్చిన వార్త చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. 'జెండాలు మార్చిన ఈతగాడు' అని శీర్షిక పెట్టారు. మధ్యవేలు చూపిస్తున్న ఫొటో పెద్దది వేశారు. దాని కింద నాలుగు వాక్యాలు. అతను ఎంత వేగంగా ఈదాడో వాటిలో ఒక్క ముక్క లేదు. ఇరవై ఏళ్ళ నాటి మీ క్రీడల పేజీ అయితే ముందు టైమింగ్ చెప్పి, తర్వాత మిగతా సంగతులు చెప్పేది.

కాండొరెల్లి 1995లో జపాన్‌లోని కిటాక్యూషూలో పుట్టాడు. తల్లిది కెనడా. తండ్రి అమెరికన్, ఆయన మూలాలు ఇటలీవి. పిల్లవాడు పెరిగింది అమెరికాలో. ముందు తల్లి దేశం తరఫున ఈదాడు, ఆ తర్వాత తండ్రి పూర్వీకుల దేశం తరఫున ఈదాడు. ఇందులో ద్రోహం ఎక్కడుంది? తల్లి వైపు వాళ్ళు, తండ్రి వైపు వాళ్ళు ఇద్దరూ మనవాళ్ళే అని మన ఇళ్ళలో పిల్లలకు చెప్పమా?

రియోలో 2016 ఒలింపిక్స్ 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్ సంగతి మీరు వదిలేశారు కాబట్టి నేను చెబుతాను. పద్దెనిమిదేళ్ళ ఆస్ట్రేలియా కుర్రాడు కైల్ చామర్స్ 47.58 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. బెల్జియంకు చెందిన పీటర్ టిమర్స్‌ది 47.80. అమెరికా ఈతగాడు నేథన్ ఏడ్రియన్‌ది 47.85. కెనడా తరఫున దిగిన కాండొరెల్లిది 47.88. కాంస్యానికీ అతనికీ తేడా 0.03 సెకన్లు. గోడకు చెయ్యి తగలడంలో అంత చిన్న ఆలస్యం. నాలుగో స్థానంలో వచ్చినవాడి కష్టానికి మన పత్రికల్లో విలువే లేకుండా పోయింది.

ఇక ఆ వేలు. చిన్నప్పుడు తనకంటే పెద్దవాళ్ళ పక్కన, ఎత్తయిన పిల్లల పక్కన నిలబడాలంటే అతను జంకేవాడు. ఆ భయం పోగొట్టడానికి తండ్రి నేర్పిన అలవాటు అది. పోటీకి ముందు కొడుకు తండ్రికి చూపిస్తాడు, ప్రేక్షకుల్లోంచి తండ్రి తిరిగి చూపిస్తాడు. నాకూ అది నచ్చదు, మా పిల్లలు చేస్తే ఒప్పుకోను. కానీ అది వాళ్ళిద్దరి మధ్య గుర్తు. ఎదుటి ఈతగాళ్ళను గానీ చూడవచ్చినవాళ్ళను గానీ అవమానించడానికి చేసేది కాదు. ఆ మాట మీ వార్తలో రాయాలి కదా!

టోక్యో ఒలింపిక్స్‌లో ఇటలీ పురుషుల 4×100 మీటర్ల ఫ్రీస్టైల్ రిలే జట్టు 3 నిమిషాల 10.11 సెకన్లతో రజతం తెచ్చుకుంది. కాండొరెల్లి హీట్స్‌లో, అంటే ఫైనల్‌కు ముందు జరిగే అర్హత పోటీలో ఈదాడు, ఫైనల్ నలుగురిలో లేడు. అయినా హీట్స్‌లో ఈదినవాళ్ళకూ పతకం ఇస్తారు కాబట్టి అతనికీ దక్కింది. దేశం మారడానికి నిబంధన లేకపోలేదు. ఒలింపిక్ చార్టర్ 41వ నిబంధన ప్రకారం రెండు పౌరసత్వాలున్నవాడు ఏదో ఒక దేశాన్ని ఎంచుకోవచ్చు. ఒకసారి ఒక దేశానికి ఆడాక మరో దేశానికి ఆడాలంటే మామూలుగా మూడేళ్ళు ఆగాలి. రియో 2016లో, టోక్యో పోటీలు 2021లో. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

మనదేశంలో పరిస్థితి చూడండి. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా పౌరసత్వం లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళే దేశం తరఫున ఆడాలని కేంద్ర క్రీడా శాఖ 2008లోనే తేల్చేసింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి, రోజూ తెల్లవారకముందే లేచి కొలనుకు వెళ్ళే తెలుగుపిల్ల భారత్ తరఫున ఈదాలనుకుంటే అయిదేళ్ళు ఓసీఐగా నమోదై ఉండాలి, దరఖాస్తుకు ముందు ఏడాది ఇక్కడ నివసించాలి, పుట్టిన దేశపు పౌరసత్వం వదులుకోవాలి. ఈత పిల్లలకు పదహారూ పదిహేడేళ్ళ వయసులో ఒక ఏడాది పోతే ఏమవుతుందో ఏ కోచ్‌నైనా అడగండి. ఇక్కడి పిల్లల అవకాశాలు పోతాయని అధికారుల వాదన. ఈతలో సిఫార్సు పనిచెయ్యదు. గడియారం ఎవరి వైపూ చూడదు. ఇక్కడి పిల్ల వేగంగా ఈదితే ఆ పిల్లే వెళ్తుంది.

అసలు ఇక్కడి పిల్లల అవకాశాల మీద అంత శ్రద్ధ ఉంటే కొలనులు ఎందుకలా ఉన్నాయి? సజన్ ప్రకాశ్, శ్రీహరి నటరాజ్ 2021లో 'ఎ' ప్రమాణం (నేరుగా అర్హత ఇచ్చే టైమింగ్) అందుకుని నేరుగా ఒలింపిక్స్‌కు వెళ్ళేదాకా ఏ భారత ఈతగాడికీ అది సాధ్యపడలేదు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన ఇద్దరూ యూనివర్సాలిటీ కోటాలో, అంటే నేరుగా అర్హత పొందినవాళ్ళు లేని దేశాలకు ఇచ్చే చోటుల్లో వెళ్ళారు. మా పట్టణంలో కొలను కట్టారు, ప్రారంభించారు, నాయకులు ఫొటోలు దిగారు. ఇప్పుడు అడుగున పాచి పట్టి, గేటుకు తాళం వేసి ఉంది. కోచ్ పోస్టు ఖాళీ. అడిగితే నిధుల్లేవంటారు, ఫైలు పైన ఉందంటారు, పై అధికారిని అడిగితే కిందికి పంపేశామంటారు. ప్రతి ఎండాకాలం కాలవల్లో, చెరువుల్లో మునిగి చనిపోయిన పిల్లల వార్తలు మీ జిల్లా పేజీలో వస్తూనే ఉంటాయి. ఈత నేర్పే చోటు ఉంటే వాళ్ళలో కొందరైనా బతికేవాళ్ళు.

కాండొరెల్లి ఈత గురించి సరైన వ్యాసం ఒకటి వేయండి. దాంతోపాటు రెండు రాష్ట్రాల్లో జిల్లాకు ఎన్ని కొలనులు నీళ్ళతో ఉన్నాయో, ఎన్నింటికి కోచ్‌లున్నారో మీ విలేకరులను పంపి రాయించండి. క్రీడా శాఖ మంత్రులు జవాబు చెప్పేదాకా రాయండి.

— ఒక పాఠకుడు