మోకాలి మీద ఒక్క దెబ్బ వేసి చూడరా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో 'జీబీఎస్‌పై ఆందోళన వద్దు' అన్న అధికారుల మాట చదివాను. జీబీఎస్ అంటే గులియన్ బారే సిండ్రోమ్, నరాలు దెబ్బతిని కాళ్లు చేతులు చచ్చుబడే జబ్బు. ఆందోళన పడకుండానే మేము ఐదు రోజులు పోగొట్టుకున్నాం.

నా మనవడికి ఏడేళ్లు. విరేచనాలు తగ్గిన పది రోజులకు కాళ్లు పీకుతున్నాయని ఏడ్చాడు. మొదటి డాక్టరు 'ఎదిగే పిల్లల నొప్పులు' అని కాల్షియం సిరప్ రాశాడు. రెండో చోట రక్తపరీక్షలన్నీ నార్మల్ అని, బడి ఎగ్గొట్టే వేషాలని నవ్వారు. ఆ మాట నమ్మి నేనూ వాణ్ని కసిరాను. మా ఆవిడేమో పుత్తూరు కట్టుకు పోదామంది. నాలుగో రోజు వాడు బస్సు మెట్టు ఎక్కలేకపోయాడు. చెప్పు జారుతుంటే వేళ్లతో పట్టుకోలేకపోయాడు.

మర్నాడు తిరుపతిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ వాణ్ని బల్ల అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి, రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప కింద కొట్టింది. కాలు కదల్లేదు. రెండోదీ అంతే. తేడా తెలియడానికి నా మోకాలి మీద కొట్టింది. అరవై తొమ్మిదేళ్ల కాలు ఎగిరి తన్నింది! ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పమంటే వాడు పన్నెండు దగ్గర ఆగాడు. జీబీఎస్ కావచ్చు, ఊపిరి కండరాలూ బలహీనపడుతున్నాయని వెంటనే ఐసీయూకి పంపింది. వెన్ను నీరు పరీక్ష మొదటి వారంలో మామూలుగానే రావచ్చట, అందుకే ముందు బిడ్డను చూడాలంది. కిలోకు రెండు గ్రాముల చొప్పున ఇరవై కిలోల వాడికి నలభై గ్రాముల ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల మందు) ఎక్కించారు. ధర చెప్పను, మీకు బీపీ వస్తుంది.

పదిహేనేళ్ల లోపు పిల్లలకు హఠాత్తుగా కాళ్లు చచ్చుబడితే పోలియో నిఘా కింద వెంటనే కబురు చేయాలి, 24 గంటల తేడాతో రెండుసార్లు మలం పరీక్షకు పంపాలి. 2014లో పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చాక ఈ రూలు ఎందరికి గుర్తుంది? చుక్కలు వేస్తూ ఫొటోలు దిగడానికి మాత్రం నాయకులకు కొరత లేదు. 2025లో పుణేలో జీబీఎస్ కేసులు వచ్చినప్పుడు నాలుగు రోజులు హడావుడి, తర్వాత మామూలే. మా చిన్నప్పుడు ఊరి డాక్టరు నాలుక చూసేవాడు, పొట్ట నొక్కేవాడు. ఇప్పుడు కుర్చీలోంచి లేవకుండా కంప్యూటర్ వైపు చూస్తూనే చీటీ రాసేస్తున్నారు. ప్రెస్‌మీట్లు తగ్గించి ప్రతి పీహెచ్‌సీలో ఒక సుత్తి ఉందో లేదో చూడండి.

మనవడు ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. సిరప్ సీసా సగం అలాగే ఉంది. రాసిన డాక్టరు గారికి కావాలంటే పంపిస్తాను.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, చంద్రగిరి