చిన్నాయనకు, పైపు పొగాకు సంగతి

ఓడెన్సె, డెన్మార్క్

చిన్నాయనకు నమస్కారం.

ఇక్కడ అందరం బాగున్నాం. సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతోంది. పిల్లోడికి జలుబు తగ్గింది. చిన్నమ్మ మోకాలి నొప్పి ఎట్లుందో రాయించు.

పోయిన ఆదివారం నువ్వు అడిగిన దానికి ఫోన్లో ఊఁ కొట్టి ఊరుకున్నా. చుట్ట మానలేకపోతున్నా, అక్కడి మైల్డ్ పైపు పొగాకు ఒక డబ్బా పంపితే దానికి మారతా అన్నావు. చిన్నమ్మ పక్కనే ఉందని అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడు వివరంగా రాస్తున్నా.

మా కింది ఇంటి పెద్దాయన యాభై ఏళ్లుగా పైపు తాగుతున్నాడు. ఆయన దగ్గర నువ్వు అడిగిన మైల్డ్ పొగాకుది గుండ్రటి రేకు డబ్బా ఉంది. మూత తీస్తే వెనిలా, ఎండుద్రాక్ష, కాస్త అడుగంటిన బెల్లం పాకం వాసన. తినే వస్తువే అనుకుంటాం. నేనూ ఒకసారి పట్టించాను, నీ దగ్గర దాచను. వెలిగించాక ఆ వెనిలా అంతా గదిలో ఉన్నవాళ్లకే. తాగేవాడి నాలుకకు మొదట వెచ్చటి గాలి తప్ప ఏమీ తెలియదు. సగం కాలాక అసలు రుచి వచ్చింది. ఒకటి ఎండుగడ్డి తీపి. మన వామి దొడ్లో మధ్యాహ్నం ఎండకు వచ్చే వాసన ఉంటుందే, సరిగ్గా అదే. రెండోది వేయించిన శనక్కాయల రుచి. కళ్యాణదుర్గం బస్టాండులో ఇసుకలో వేయించి పొట్లం కట్టిచ్చేవాళ్లే, ఆ మాడిన పొట్టుతో సహా. ఇంత దూరంలో ఆ రుచి తగిలేసరికి కాసేపు మాట రాలేదు.

ఎందుకట్లా అని పెద్దాయన్ని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. గడ్డి తీపి వర్జీనియా ఆకుది. మన ఒంగోలు వైపు బ్యారన్లలో, అంటే ఆకు ఆరబెట్టే కొట్టాల్లో, వేడి గొట్టాలు పెట్టి ఆరబెట్టేది ఇదే. పొగ ఆకుకు తగలదు, వారం లోపే ఆరిపోతుంది కాబట్టి లోపలి చక్కెర మిగిలిపోతుంది. శనక్కాయ రుచి బర్లీ ఆకుది. దాన్ని నీడలో వారాల తరబడి వేలాడదీస్తారు, ఆలోగా చక్కెర పోతుంది. ఆ ఆకు ఏ పాకం పోసినా పీల్చుకుంటుంది, వెనిలా పట్టేది అందుకే. వీటితోపాటు ఆవిరి పట్టి, అదిమి నల్లబరిచిన ఆకు కొంత కలుపుతారు, మెత్తదనం దానిదే.

చిన్నాయనా, ఇక్కడే నువ్వు జాగ్రత్తగా వినాలి. వాసన వేరు, ఘాటు వేరు. సైప్రస్ నుంచి వచ్చే లటకియా అనే ఆకుకు కట్టెల పొగ పట్టిస్తారు, డబ్బా తెరిస్తే కొట్టం కాలినంత వాసన. అయినా అది తలకు పెద్దగా ఎక్కదట. ఏ వాసనా లేని బర్లీ మాత్రం తల తిప్పేస్తుంది. తలకెక్కించేది నికోటిన్, అది వాసనలో తెలియదు. నాలుక మంట ఇంకో సంగతి. ఈ మైల్డ్ పొగాకు తడిగా ఉంటుంది, రుచి తెలియడం లేదని గబగబా పీలిస్తే వేడి ఆవిరి నాలుకను కొరికేస్తుంది. నాకు రెండు రోజులు చారు కూడా మండింది.

నీది నాటు పొగాకు చుట్ట. పొగ లోపలికి మింగను కదా అని నువ్వు ఎప్పుడూ అంటావు. ఆ నల్ల ఆకు పొగకు క్షార గుణం ఉంటుంది, మింగకపోయినా నోటి లోపలి పొర గుండానే నికోటిన్ రక్తంలోకి పోతుంది. నలభై ఏళ్లు దానికి అలవాటుపడ్డ ఒంటికి ఈ మైల్డ్ ఎక్కడ సరిపోతుంది? ఒక చుట్ట బదులు నాలుగు పైపులు నింపుతావు. నోటికి, గొంతుకు, ఊపిరితిత్తులకు వచ్చే క్యాన్సర్ పైపుతోనూ వస్తుంది. అందుకే పంపను. కోపం తెచ్చుకోవద్దు, నాయన పోయాక నాకు మిగిలింది నువ్వే.

ఆ దగ్గు నెల నుంచి ఉందని చిన్నమ్మ చెప్పింది. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ ఉందేమోనని గళ్ల పరీక్ష చేయించుకోవాలి, సర్కారు ఆసుపత్రిలో డబ్బు అడగరు. శనక్కాయల పని అయిపోయింది కదా, ఈ వారమే తమ్ముణ్ణి తీసుకుని పో. చుట్ట మానడానికి మందులున్నాయేమో కూడా అక్కడే అడుగు. ఫలితం రాగానే నాకు ఫోన్ చేయించు, ఇక్కడ ఎంత రాత్రయినా పరవాలేదు.

పెద్దాయన డబ్బా ఖాళీ అయింది, నాకిచ్చాడు. కడగలేదు, వాసన ఇంకా ఉంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తా. కొత్త శనక్కాయలు కాసిని వేయించకుండా ఉంచమని చిన్నమ్మకు చెప్పు. వాకిట్లో కూర్చుని వేయించి, డబ్బా మూత తీసి పక్కపక్కన పెట్టి నువ్వే చూద్దువు.

నీ కొడుకులాంటి
పెద్దోడు